సింకు కింది డిస్పోజల్ ఆన్ కావడం లేదు, ఎర్ర బటన్ లోపలే ఉంది: ఏం చూడాలి?

మల్లెపందిరి | ఫ్రిస్కో, టెక్సాస్ | ఆదివారం సాయంత్రం 4:10

అందరికీ ఉగాది శుభాకాంక్షలు. పండుగ పూట ఈ గొడవతో వచ్చినందుకు మన్నించాలి. మా వంటింటి సింకు కింద ఉన్న గార్బేజ్ డిస్పోజల్ (సింకులో పడే తొక్కలూ మెతుకులూ నలిపి నీళ్లతో పంపే యంత్రం) మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆగిపోయింది. ఇల్లు కట్టి తొమ్మిదేళ్లయింది, యంత్రం కూడా అప్పటిదే, అర హార్స్‌పవర్ మోటారు. గిన్నెలు తొలిచి స్విచ్ వేయగానే గుయ్యిమని మూలిగింది, తిరగలేదు. కొన్ని క్షణాలకు ఆ మూలుగు కూడా ఆగింది. కిందికి వంగి చూస్తే, మోటారును కాపాడడానికి అడుగున ఉండే ఎర్ర బటన్ బయటికి పొడుచుకొచ్చి ఉంది. కాసేపాగి దాన్ని లోపలికి నొక్కి మళ్లీ స్విచ్ వేశాను. మరోసారి గుయ్యిమంది, వెంటనే పూర్తిగా నిశ్శబ్దమైపోయింది.

ఇప్పుడు ఆ బటన్ లోపలే ఉంది, బయటికి రాలేదు. అయినా స్విచ్ వేస్తే ఉలుకూ పలుకూ లేదు. సింకులో నాలుగు వేళ్ల లోతు నీళ్లు నిలిచాయి. అత్తయ్య గారు, మామయ్య గారు గుంటూరు నుంచి వచ్చి ఉన్నారు, రాత్రికి ఇంకో రెండు కుటుంబాలను భోజనానికి పిలిచాం. ఆదివారం కావడంతో ప్లంబరు ఇంటికి రావడానికే అదనంగా అడుగుతున్నారు. నేనే స్వయంగా చూసుకోగలిగినవి ఏమైనా ఉంటే దయచేసి వరుసగా చెప్పండి.

గోరింటపొద | షార్లెట్ | ఆదివారం సాయంత్రం 4:22

మా ఇంట్లో నీళ్లు నిలిచినప్పుడు డ్రెయిన్ క్లీనర్ ఒక సీసా పోసి గంటసేపు వదిలేశాం, నీళ్లు దిగిపోయాయి. మీరూ అది ప్రయత్నించి చూడండి. తర్వాత చెయ్యి పెట్టి లోపల ఏమైనా ఇరుక్కుందేమో తడిమి చూడవచ్చు.

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం సాయంత్రం 4:31

గోరింటపొద గారూ, మీరు సాయం చేయాలనే చెప్పారు, కానీ ఆ రెండు పనుల్లో ఏదీ ఇక్కడ చేయకూడదు. డ్రెయిన్ క్లీనర్ గొట్టంలోని జిడ్డును కరిగిస్తుందేమో గానీ, యంత్రంలో ఇరుక్కున్న వస్తువును కదిలించలేదు. పైగా ఆ మందు కలిసిన నీళ్లు సింకులో నిలిచి ఉండగా మోటారు హఠాత్తుగా తిరిగితే అవి ముఖం మీదికి చిమ్ముతాయి, కంటికే ప్రమాదం. ఇక చెయ్యి మాత్రం, ప్లగ్గు పీకినా సరే, లోపల పెట్టకండి. పట్టుకారు ఉన్నది అందుకే.

మల్లెపందిరి గారూ, నేను ఇరవై రెండేళ్లుగా అద్దె ఇళ్ల మరమ్మతులు చూసుకుంటున్నాను. ఈ యంత్రం పనిచేయడం లేదని ఎవరు ఫోన్ చేసినా నేను అడిగే మొదటి ప్రశ్న ఒకటే: స్విచ్ వేస్తే మూలుగుతోందా, మౌనంగా ఉందా? మూలుగుతోందంటే మోటారు దాకా కరెంటు వస్తోంది, కానీ తిరగలేకపోతోంది. అక్కడ వెతకవలసింది ఇరుక్కున్న వస్తువును. మౌనంగా ఉందంటే కరెంటే అందడం లేదు. అక్కడ వెతకవలసింది బటన్, స్విచ్, ప్లగ్గు, బ్రేకరు (కరెంటు మితిమీరితే ఆ లైనును ఆపేసే స్విచ్). మీ విషయంలో మొదట మూలిగింది, ఇప్పుడు మౌనంగా ఉంది. అంటే నా అంచనాలో మీకు ఉన్నవి రెండు సమస్యలు, ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. ఒకటి సరిచేసి స్విచ్ వేస్తే ఇంకా పనిచేయడం లేదని నిరాశ పడవద్దు.

చాలామంది లోపల మిక్సీ లాగా బ్లేడ్లు ఉంటాయనుకుంటారు. ఉండవు. అడుగున గుండ్రంగా తిరిగే ఒక ఉక్కు పళ్లెం, దాని మీద వదులుగా అటూ ఇటూ ఊగే రెండు ఇనుప ముక్కలు, చుట్టూ తురుముపీటలాంటి ఒక వలయం ఉంటాయి. మీ రకం మోటారులో ఆ పళ్లెం నిమిషానికి సుమారు 1,725 చుట్లు తిరుగుతుంది. ఆ వేగానికి తొక్కలూ మెతుకులూ అంచుకు ఎగిరి, వలయానికి రాసుకుని పొడిపొడిగా నలిగి నీళ్లతో పాటు పోతాయి. పళ్లేనికీ వలయానికీ మధ్య సందు చాలా తక్కువ. గట్టి వస్తువు ఏదైనా సరిగ్గా ఆ సందులో పడిందంటే, తలుపు కింద చీలిక కొట్టినట్టు పళ్లెం బిగుసుకుపోతుంది.

కాబట్టి ముందు బిగుసుకుపోవడాన్ని విడిపించండి. స్విచ్ ఆపి, సింకు కింద యంత్రం ప్లగ్గును గోడ నుంచి పీకండి. ప్లగ్గు లేకుండా తీగలు నేరుగా గోడలోకి పోయి ఉంటే బ్రేకరు ఆపండి. చెంబుతో నీళ్లు తోడేయండి, లేకపోతే టార్చి వేసినా ఏమీ కనిపించదు. ఆ తర్వాత కింద పడుకుని యంత్రం అడుగు చూస్తే సరిగ్గా నడిమధ్యలో ఆరు మూలల చిన్న రంధ్రం ఉంటుంది. అందులో పావు అంగుళం అలెన్ కీ పెట్టి అటూ ఇటూ తిప్పండి. ఒక వైపు కదలకపోతే రెండో వైపు తిప్పండి. కొత్తలో యంత్రంతో పాటు ఇచ్చే వంకర కీ అలమర మూలలో ఎక్కడో ఉండవచ్చు.

మల్లెపందిరి | ఫ్రిస్కో, టెక్సాస్ | ఆదివారం సాయంత్రం 5:05

చాలా కృతజ్ఞతలు అండీ. ప్లగ్గు పీకాను, నీళ్లు తోడేశాను. రంధ్రం కనిపించింది. కానీ మా ఇంట్లో ఉన్నది ఇండియా నుంచి తెచ్చిన 6 మిల్లీమీటర్ల అలెన్ కీ. పెడితే పడుతోంది గానీ తిప్పితే జారిపోతోంది. ఇంకా గట్టిగా తిప్పవచ్చా?

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం సాయంత్రం 5:09

వద్దండీ. పావు అంగుళమంటే 6.35 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి తేడాకే కీ జారి రంధ్రం మూలలు అరిగిపోతాయి, అరిగాక సరైన కీ కూడా పట్టదు. సరైన కీ దొరికే దాకా పైనుంచి చీపురు కర్రను గానీ, మందపాటి చెక్క తెడ్డును గానీ లోపలికి దించి, పళ్లెం మీద ఊగే ముక్కకు పక్కగా ఆనించి నెట్టి చూడండి. కొన్ని కంపెనీల యంత్రాలకు కింద రంధ్రమే ఉండదు, వాటికి ఇదొక్కటే దారి. హార్డ్‌వేర్ దుకాణంలో ఆ కీ కొద్ది డాలర్లకే దొరుకుతుంది.

తుంగభద్ర | జెర్సీ సిటీ | ఆదివారం సాయంత్రం 5:20

మధ్యలో అడ్డు వస్తున్నందుకు క్షమించాలి, నాదీ ఇలాంటి సమస్యే. మేము పోయిన నెల దాకా క్వీన్స్‌లో ఒక పాత భవనంలో ఉండేవాళ్లం. న్యూయార్క్ నగరంలో చాలా చోట్ల 1997 దాకా ఇళ్లలో ఈ యంత్రాలకు అనుమతి లేకపోవడం వల్లనేమో, ఆ భవనంలో ఎక్కడా ఇది లేదు. కొత్త అపార్ట్‌మెంటుకు మారాక నాకు ఇదే మొదటిసారి. సింకు వెనక గోడకు ఉన్న స్విచ్ వేస్తే ఏ చప్పుడూ రావడం లేదు, మూలుగు కూడా లేదు. ఎర్ర బటన్ లోపలే ఉంది. ఆఫీసుకు ఫిర్యాదు ఇచ్చాను, రెండు రోజులు పడుతుందన్నారు. ఈలోగా నేను చూడగలిగింది ఏమైనా ఉందా?

కొబ్బరితోట | అట్లాంటా | ఆదివారం సాయంత్రం 5:34

తుంగభద్ర గారూ, ముందు మీరు వేస్తున్న స్విచ్ దానిదేనా అని చూడండి. గోడకు రెండు స్విచ్‌లుంటే ఒకటి సింకు పైన ఉండే దీపానిది కావచ్చు. కొన్ని ఇళ్లలో అసలు స్విచ్ సింకు కింది అలమర లోపల పెడతారు.

ఇంకో సంగతి మా ఇంటి అనుభవం నుంచి చెబుతాను. మా వంటింట్లో సింకు గోడ దగ్గర కాకుండా నడిమధ్యలో ఉన్న గట్టులో ఉంటుంది. అక్కడ గోడ లేదు కాబట్టి రాతి మీద గుండ్రని నొక్కుడు బటన్ పెట్టారు. అది కరెంటు స్విచ్ కాదు, గాలి స్విచ్. నొక్కితే సన్నని ప్లాస్టిక్ గొట్టంలోంచి గాలి పోయి కింద ఉన్న డబ్బాలోని అసలు స్విచ్‌ను తడుతుంది. ఒకరోజు ఉన్నట్టుండి యంత్రం పనిచేయడం మానేసింది. కొత్తది కొనడానికి సిద్ధపడ్డాం కూడా. తీరా చూస్తే, సింకు కింద బియ్యం బస్తా జరిపినప్పుడు ఆ గొట్టం ఊడి వేలాడుతోంది. తిరిగి తొడిగితే అంతే, పనిచేసింది. మీకు గట్టు మీద అలాంటి బటన్ ఉంటే ఆ గొట్టాన్ని ముందు చూడండి.

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం సాయంత్రం 5:41

కొబ్బరితోట గారు చెప్పింది నేను మరిచిపోయిన సంగతి, మంచిదైంది. తుంగభద్ర గారూ, మీరు అద్దె ఇంట్లో ఉన్నారు కాబట్టి స్విచ్ ఊడదీయడం, తీగలు ముట్టుకోవడం మీ పని కాదు, మీ బాధ్యత కూడా కాదు. ఒకటి మాత్రం చేయండి. వంటింట్లో గోడకున్న ప్లగ్గు పాయింట్లలో ఒకదానికి మధ్యలో రెండు చిన్న బటన్లు ఉంటాయి, ఒకటి పరీక్షకు, ఇంకొకటి రీసెట్‌కు. తడి చోట కరెంటు లీకైతే ప్రాణం కాపాడడానికి అది తనంతట తాను ఆగిపోతుంది. కొన్ని చోట్ల సింకు కింది పాయింటు కూడా దాని వెనకే కలిపి ఉంటుంది. ఆ రీసెట్ బటన్‌ను గట్టిగా ఒకసారి నొక్కండి. వెంటనే మళ్లీ ఆగిపోతే మాత్రం పదే పదే నొక్కకండి, ఎక్కడో నిజంగా లీకు ఉందని అర్థం.

తుంగభద్ర | జెర్సీ సిటీ | ఆదివారం సాయంత్రం 6:02

అదేనండీ! స్టవ్ పక్కనున్న పాయింటులో రీసెట్ బటన్ బయటికి వచ్చి ఉంది. నొక్కగానే సింకులో యంత్రం గర్జించింది. నేను స్విచ్ ఆన్‌లోనే వదిలేసి ఉన్నానని అప్పుడు గుర్తొచ్చింది. ఉదయం ఆ పాయింటు దగ్గర ఇడ్లీ పాత్ర తొలిపి తడిగానే పెట్టాను, నీళ్లు చిమ్మి ఉంటాయి. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నాను.

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం సాయంత్రం 6:06

సంతోషం. కానీ చదివే మిగతావాళ్లు ఇది గమనించాలి: ఏ బటన్ నొక్కేముందైనా, ఏ బ్రేకరు వేసేముందైనా యంత్రం స్విచ్ ఆపి ఉందో లేదో చూసుకోవాలి. ఆ క్షణంలో పట్టుకారు లోపల ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి.

మల్లెపందిరి | ఫ్రిస్కో, టెక్సాస్ | ఆదివారం సాయంత్రం 6:25

ఇరుక్కున్నది దొరికింది. మామయ్య గారు కింద పడుకుని టార్చి పట్టుకున్నారు, మా పక్కింటి వారి దగ్గర పావు అంగుళం కీ దొరికింది. ఒక వైపు అస్సలు కదల్లేదు. రెండో వైపు బలంగా తిప్పితే కిర్రుమని కాస్త కదిలి, మళ్లీ బిగిసి, నాలుగైదు సార్లు అటూ ఇటూ ఆడించాక పూర్తి చుట్టు తిరిగింది. పైనుంచి పట్టుకారుతో తీస్తే ముందు చింతపండు పీచు ముద్దగా వచ్చింది. ఉగాది పచ్చడికి పొద్దున పులుసు పిసికిన పిప్పి అది. ఆ పీచు విప్పి చూస్తే మధ్యలో మా పోపుల డబ్బాలోని చిన్న స్పూను ఉంది. చూపుడు వేలంత కూడా ఉండదు. మెడ దగ్గర కొక్కెంలా వంగిపోయింది, గుంట అంచు మీద వరుసగా గాట్లు పడ్డాయి. మా పెళ్లినాటి డబ్బాలోది. పొద్దుటి నుంచి పోపులో ఆవాలు వేయడానికి దాని కోసమే వెతుకుతున్నాను.

అంతా శుభ్రం చేసి, ప్లగ్గు పెట్టి, స్విచ్ వేశాను. మీరు చెప్పినట్టే ఇంకా మౌనంగానే ఉంది. ఎర్ర బటన్ లోపలే ఉంది. గోడకున్న రీసెట్ పాయింట్లు రెండూ నొక్కి చూశాను, అవి ఆగిపోలేదు. గ్యారేజీలో బ్రేకర్ల పెట్టె తెరిచి చూశాను, అన్నీ ఆన్‌లోనే ఉన్నట్టు కనిపిస్తున్నాయి.

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం సాయంత్రం 6:33

స్పూను దొరకడంతో సగం పని అయింది. ఇప్పుడు ఒక్క ప్రశ్న: మీ డిష్‌వాషర్ దీపం వెలుగుతోందా?

ఎందుకు అడుగుతున్నానంటే, సింకు కింద గోడకున్న పాయింటులో సాధారణంగా రెండు ప్లగ్గులు పెట్టే చోటు ఉంటుంది. ఒకదానిలో డిష్‌వాషర్, రెండోదానిలో డిస్పోజల్ పెడతారు. చూడడానికి రెండూ ఒకే పాయింటే అయినా, ఒక సగానికి కరెంటు ఎప్పుడూ ఉంటుంది, రెండో సగానికి గోడ స్విచ్ వేస్తేనే వస్తుంది. డిష్‌వాషర్ పనిచేస్తూ డిస్పోజల్ మాత్రమే పనిచేయకపోతే లోపం గోడ స్విచ్‌లో గానీ యంత్రంలో గానీ ఉంది. రెండూ ఆగిపోయి ఉంటే లోపం వాటికి ఎగువన ఉంది, మీరు యంత్రాన్ని ఎంత పరీక్షించినా లాభం లేదు.

మల్లెపందిరి | ఫ్రిస్కో, టెక్సాస్ | ఆదివారం సాయంత్రం 6:38

వెలగడం లేదు! భోజనాలు కాగానే పళ్లేలన్నీ పెట్టి వేశాను, ఎప్పుడో అయిపోయిందనుకున్నాను. ఇప్పుడు తలుపు తీస్తే లోపల సబ్బు నీళ్లు అలాగే నిలిచి ఉన్నాయి.

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం సాయంత్రం 6:44

అయితే బ్రేకరే. పడిపోయిన బ్రేకరు పిడి చాలాసార్లు పూర్తిగా ఆఫ్ వైపుకు పోదు, మధ్యలో ఆగుతుంది. పక్కవాటితో పోలిస్తే వెంట్రుకవాసి తేడా, చూపుకు ఆనదు. కళ్లతో కాకుండా వేలితో చూడండి. ఒక్కో పిడినీ ఆన్ వైపుకు మెల్లగా నెట్టండి. మిగతావి గట్టిగా ఉంటాయి, పడిపోయింది మెత్తగా ఊగుతుంది. దాన్ని నేరుగా ఆన్ చేయబోతే నిలవదు. ముందు టక్కుమనేలా పూర్తిగా ఆఫ్ వైపుకు తెచ్చి, తర్వాత ఆన్ చేయాలి. అంతకుముందు డిస్పోజల్ స్విచ్ ఆపండి. పెట్టె దగ్గర నేల తడిగా ఉన్నా, పిడి కాలిన వాసన వచ్చినా ముట్టుకోకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

మల్లెపందిరి | ఫ్రిస్కో, టెక్సాస్ | ఆదివారం సాయంత్రం 6:57

తిరుగుతోంది!! డిష్‌వాషర్ కూడా ఆగిన చోటు నుంచి మొదలైంది. కుడి వరుసలో కింద నుంచి మూడోది మెత్తగా ఊగింది. చూస్తే మాత్రం ఆన్‌లో ఉన్నట్టే ఉంది. నీళ్లు వదిలి అర నిమిషం తిప్పాను, చప్పుడు మునుపటిలాగే ఉంది. మామయ్య గారు మీకు ప్రత్యేకంగా నమస్కారాలు చెప్పమన్నారు. అతిథులు వచ్చే వేళయింది, రేపు వివరంగా రాస్తాను.

వేపపూత | సియాటిల్ | ఆదివారం రాత్రి 9:15

ఈ చర్చ మొదటి నుంచి చదివాను. నాకు ఒక సందేహం. మోటారును కాపాడడానికి ఎర్ర బటన్ ఉంది కదా, మొదటిసారి అదే ఆపింది. రెండోసారి అది లోపలే ఉండి, ఎక్కడో గ్యారేజీలో ఉన్న బ్రేకరు ఎందుకు పడిపోయింది?

పాతరేడియో | హ్యూస్టన్ | ఆదివారం రాత్రి 9:50

మంచి ప్రశ్న. తిరుగుతున్న మోటారు తీసుకునే కరెంటు తక్కువ. అదే మోటారు బిగుసుకుపోతే దానికి ఎన్నో రెట్లు తీసుకుంటుంది. ఎర్ర బటన్ పనిచేసేది ఆ కరెంటు వల్ల పుట్టే వేడితో, అందుకే దానికి కొన్ని క్షణాలు పడుతుంది. బ్రేకరు మాత్రం ఒక్క యంత్రాన్ని కాదు, ఆ తీగ మీద ఉన్న వాటన్నిటినీ కలిపి లెక్క చూస్తుంది. డిష్‌వాషర్ నీళ్లు కాచేటప్పుడు ఒక్కటే పది ఆంపియర్ల దాకా తీసుకోగలదు. వారి ఇంట్లో రెండూ ఒకే 20 ఆంపియర్ల బ్రేకరు మీద ఉండి ఉంటాయి. మొదటిసారి స్విచ్ వేసినప్పుడు డిష్‌వాషర్ నీళ్లు నింపుకుంటూనో, తోడేస్తూనో ఉండి ఉంటుంది, కాబట్టి బటన్ దాకానే వచ్చింది. రెండోసారికి హీటరు అందుకుంది, రెండూ కలిసేసరికి ఎర్ర బటన్ వేడెక్కేలోపే బ్రేకరు పడిపోయింది. ఒకే స్పూను రెండు తాళాలు వేసిందన్నమాట.

అందుకే నేను ఎర్ర బటన్‌ను వెంటనే నొక్కవద్దంటాను. పది పదిహేను నిమిషాలు చల్లారనివ్వాలి, అంతకన్నా ముఖ్యంగా, పళ్లెం అడ్డు లేకుండా తిరుగుతోందని కింది నుంచి కీతో రుజువు చేసుకున్నాకే నొక్కాలి. బిగుసుకున్న మోటారుకు పదే పదే కరెంటు ఇస్తే చుట్టిన తీగల పూత కాలిపోతుంది. ఆ వాసన ఒకసారి వచ్చిందంటే ఇక మరమ్మతు లేదు.

గోరింటపొద | షార్లెట్ | సోమవారం ఉదయం 7:30

నిన్న నేను తప్పు సలహా ఇచ్చాను, సరిదిద్దినందుకు ధన్యవాదాలు. ఒకటి అడగాలి. కీతో పళ్లెం హాయిగా తిరుగుతోంది, కరెంటు వస్తోంది, అయినా మూలుగుతూ తిరగకపోతే?

పాతరేడియో | హ్యూస్టన్ | సోమవారం ఉదయం 8:05

అప్పుడు మోటారును మొదట కదిలించే భాగం పోయిందని అర్థం. కొన్నింటిలో అది కెపాసిటర్, కొన్నింటిలో లోపలి స్టార్టింగ్ స్విచ్. విప్పి బాగుచేయవచ్చు గానీ, ఎనిమిది పదేళ్లు దాటిన యంత్రానికి ఆ ఖర్చు పెట్టమని నేను చెప్పను. అడుగు నుంచి, ముఖ్యంగా ఎర్ర బటన్ చుట్టూ నీళ్లు కారుతున్నా మార్చేయడమే మేలు, లోపలి సీలు పోయి నీళ్లు మోటారులోకి దిగుతున్నాయన్నమాట. కొత్తది పెట్టించుకునేటప్పుడు డిష్‌వాషర్ గొట్టం తగిలించే మూతి లోపల ఉండే ప్లాస్టిక్ బిళ్లను స్క్రూడ్రైవర్‌తో కొట్టి తీయించడం మరవకండి. అది అలాగే ఉంటే డిష్‌వాషర్ నీళ్లు పోవు, కొత్త యంత్రం పాడైందని అందరూ దాన్నే అనుమానిస్తారు.

వేపపూత | సియాటిల్ | సోమవారం ఉదయం 8:40

నా మాట కొందరికి నచ్చకపోవచ్చు, కానీ మనసులో ఉన్నది చెబుతాను. ఈ యంత్రం మన వంటకు పుట్టింది కాదు. విస్కాన్సిన్‌లోని రసీన్‌లో ఒక ఆర్కిటెక్ట్ 1927లో దీన్ని తయారుచేసినప్పుడు ఆయన ముందున్న సింకులో మునగకాడ పిప్పి, కరివేపాకు రెబ్బలు, కొబ్బరి పీచు, చింతపిక్కలు ఉండి ఉండవు. పీచు ఉన్నదేదైనా ఆ ఊగే ముక్కలకు తాడులా చుట్టుకుంటుంది. మిగిలిన అన్నం ఒకేసారి దిమ్మరిస్తే గొట్టంలో ఉబ్బి అతుక్కుంటుంది. నెయ్యి చల్లబడి గడ్డకడుతుంది, మాగాయ నూనె గొట్టానికి జిడ్డులా పట్టుకుంటుంది. మామిడి టెంక సంగతి చెప్పనక్కరలేదు. మేము ఇవన్నీ పక్కన ఒక గిన్నెలో వేసి కంపోస్టు డబ్బాలో పోస్తున్నాం, యంత్రానికి కంచాలు తొలిచిన నీళ్లు, వాటితో వచ్చే మెతుకులు మాత్రమే వదులుతాం. సెప్టిక్ ట్యాంకు ఉన్న ఇళ్లవారు మరీ జాగ్రత్తగా ఉండాలి.

కొబ్బరితోట | అట్లాంటా | సోమవారం ఉదయం 9:02

పీచు విషయంలో వేపపూత గారితో పూర్తిగా ఏకీభవిస్తాను. కూరగాయ తొక్కల విషయంలో మాత్రం అంత భయం అక్కరలేదని నా అభిప్రాయం. దోస తొక్కలు, బీరకాయ గింజలు గుప్పెడు గుప్పెడుగా, చల్లని నీళ్లు ధారగా వదులుతూ వేస్తే మాకు ఏడేళ్లుగా ఇబ్బంది రాలేదు. ఆపేశాక కూడా కాసేపు నీళ్లు వదలాలి.

మల్లెపందిరి | ఫ్రిస్కో, టెక్సాస్ | సోమవారం మధ్యాహ్నం 12:20

నిన్న రాత్రి పన్నెండు మంది భోంచేశారు, యంత్రం చక్కగా పనిచేసింది. పాతరేడియో గారూ, మీరు ఊహించింది నిజమే. ఈ ఉదయం ఆ మూడో బ్రేకరు ఆపి చూస్తే డిష్‌వాషర్, డిస్పోజల్ రెండూ ఆగాయి. ఇల్లు కట్టినవాళ్లు దాని పక్కన ఉత్త ‘వంటిల్లు’ అని మాత్రమే రాసి వదిలేశారు, అలాంటివి ఆ పెట్టెలో నాలుగున్నాయి. అత్తయ్య గారు తెల్లకాగితం ముక్క మీద ‘డిష్‌వాషర్, డిస్పోజల్’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాస్తే అంటించాను. పావు అంగుళం కీ ఒకటి కొని, దారంతో సింకు కింది గొట్టానికి కట్టాను. వంగిన స్పూనును మామయ్య గారు సుత్తితో సరిచేశారు, గాట్లు అలాగే ఉన్నాయి, మళ్లీ పోపుల డబ్బాలోకి చేరింది.